అన్నయ్య కాలు విరిచినవాడు

కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె వాసన ఏ పక్కింట్లోంచి వచ్చినా, తిరువూరులో మా ఇంటి వసారాలో బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న దానియేలన్నయ్య నాకు కళ్ళకు కడతాడు. డెబ్బైల నాటి మాట. అన్నయ్య ఇంటర్ చదువుతూ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాడు. నేను నాలుగో తరగతి. మ్యాచి ఉన్న రోజు అమ్మ పొద్దున్నే ఆ నూనె వాడి పిక్కలకు రుద్దుతూ, బడిపంతులైన నాన్నకు వినపడకుండా "ఇవాళ ఎన్ని కొడతావురా?" అని అడిగేది.

ఆటలు వానల్లోనే మొదలయ్యేవి. గ్రౌండంతా ఎర్రటి బురద, సగం మందికి బూట్లుండేవి కావు, తోలు బంతి నీళ్ళు పీల్చి ఎంత బరువెక్కేదంటే తలతో కొట్టినవాడికి కాసేపు కళ్ళు బైర్లు కమ్మేవి. మేము పిల్లలం తొక్కుడుబిళ్ళాట వదిలేసి, ఉడికించిన వేరుశనక్కాయలు ఒళ్ళో పోసుకుని గట్టు మీద కూర్చునేవాళ్ళం.

ఆ ఏడు కాలేజీల లీగు పోటీల్లో మొదటి మ్యాచి పక్క తాలూకా కాలేజీతో. గోలు ముందు అడ్డుకునే వాళ్ళ బ్యాక్ ఒక పొడుగాటి కుర్రాడు. అన్నయ్య పదే పదే తనను దాటి బంతి తీసుకుపోతుంటే ఉడుక్కుని, చివరికి బంతిని వదిలేసి కాలి మీద తన్నాడు. రిఫరీ ఈల వెయ్యలేదు. అన్నయ్య బురదలో మెలికలు తిరుగుతుంటే ఆ పొడుగాడు నవ్వడం నేను చూశాను.

ఎ.కొండూరు నుంచి ఎముకలు కట్టే ముసలాయన వచ్చి, కోడిగుడ్డు సొనలో గుడ్డ తడిపి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. "నడుస్తాడమ్మా. పరిగెత్తడం మాత్రం మరిచిపోండి" అన్నాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో నాన్న శత్రువులను క్షమించమన్న వాక్యం చదివితే, నేను కళ్ళు మూసుకుని ఆ పొడుగాడి రెండు కాళ్ళూ విరగ్గొట్టమని దేవుణ్ణి అడిగాను. అమ్మ ఆమెన్ అనలేదు.

జట్టులో అన్నయ్యకు ప్రాణస్నేహితుడు ఖాదర్, బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే సాయిబుగారి కొడుకు. రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు.

"ఫైనల్లో వాడు మళ్ళీ తగులుతాడ్రా. నువ్వు ఊఁ అను, కాలు తీసేస్తా."

"కాలొద్దు," అన్నాడు అన్నయ్య. "కాలు విరిగితే జనం జాలిపడతారు. పరువు తియ్యండి."

పొడుగాడు ఎడమవైపుకు చప్పున తిరగలేడని అన్నయ్య కనిపెట్టాడు. దుప్పటి మీద చింతపిక్కలు పేర్చి, వాణ్ణి ఎటునుంచి ఎలా దాటాలో జట్టంతటికీ నేర్పాడు. ఆ తర్వాత మావాళ్ళు గెలుస్తూనే పోయారు గానీ ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అందరూ ఫైనల్ కోసమే కాచుకుని ఉన్నారు.

అది డిసెంబరులో, మా గ్రౌండులోనే జరిగింది. అన్నయ్యను సైకిల్ క్యారేజీ మీద తెచ్చి, పొడుగాడికి ఎదురుగా కనపడేలా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మావాళ్ళు ప్రతిసారీ వాడి ఎడమవైపు నుంచే దూసుకెళ్ళారు, వాడు తిరగబోయి ప్రతిసారీ బోర్లా పడ్డాడు. గట్టు మీది జనం "ఎడమ, ఎడమ" అని ముందే చెప్పడం మొదలుపెట్టారు. ఆఖరి గోలుకు ఖాదర్ బంతిని కాలికింద తొక్కిపెట్టి, వాడు లేచి నిలబడేదాకా ఆగి, మళ్ళీ అటునుంచే వెళ్ళాడు. పొడుగాడు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఆట అయ్యాక వాడు అన్నయ్య దగ్గరికి వచ్చి, "తప్పయిపోయింది" అంటూ చెయ్యి చాచాడు. అన్నయ్య ఆ చేతికేసి చూసి, తన చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక, క్రిస్మస్‌కి ఇంకా చాలా రోజులుండగానే, అమ్మ పాకం పట్టి అరిసెలు వండింది. "శత్రువు పడితే సంతోషించకూడదు" అని నాన్న గొణిగితే, "అరిసె తినండి" అని ఆయన చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆ గ్రౌండులో సగం ముళ్ళకంప. బురదలో బంతి తన్నే పిల్లలు లేరు. ఖాదర్ పోయాడు, అమ్మా నాన్నా పోయారు. కిందటేడు ఒక పెళ్ళిలో, బట్టతల పొడుగాటి పెద్దమనిషి మాటల్లో నాది తిరువూరని తెలుసుకుని, ఆ మీదట ఎవరి చెల్లెలినో కూడా తెలుసుకుని, భోజనం దగ్గర నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"మీ అన్నయ్యగారు ఇప్పుడెలా ఉన్నారండి?" అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"కుంటుతున్నాడండి," అని చెప్పి, నా ప్లేటు తీసుకుని ఇంకో వరుసలోకి వెళ్ళిపోయాను.