చల్లగాలికి ఎదురుగా

ఒళ్లు వంచకుండా పెద్దమనిషి అనిపించుకోవడం ఒక విద్య అయితే, ఆ పరిశోధనశాల సర్వర్ గది సూపర్‌వైజరు అందులో పండిపోయాడు. గది తాళంచెవి నడుముకు వేలాడదీసుకుని, యంత్రాలన్నీ తన ఊపిరితోనే నడుస్తున్నట్టు తిరిగేవాడు. ఆయన కూతురు అక్కడే పరిశోధన చేస్తోంది. ఏళ్ల తరబడి ఆమె పోగుచేసిన కొలతలన్నీ ఆ గదిలో మూలనున్న యంత్రంలో ఉన్నాయి. నకలు దాచిన డిస్కు కూడా దాని నెత్తినే ఉంది. అవి పోతే ఆమె పట్టా పోయినట్టే. మూల మిషన్ జాగ్రత్త నాన్నా అని రోజూ చెప్పేది. తానుండగా దానికేమవుతుందని ఆయన మీసం దువ్వేవాడు.

ఏ యంత్రం ఎంత వేడెక్కుతోందో కనిపెట్టడానికి అగ్గిపెట్టెలంత సెన్సర్లు తెచ్చి ఒక్కో యంత్రానికి ఒక్కోటి అతికించారు. తీగల్లేవు. వేడి పెరిగితే గాలిలోనే కబురు పంపి సూపర్‌వైజరు ఫోన్ మోగిస్తాయి. పాపం, ఆ మోత సరిగ్గా భోజనం చేసి ఆయన కునుకు తీసే వేళకే వచ్చేది. లేచి వెళ్లి యంత్రం ఫ్యాను మీది దుమ్ము దులిపితే సరిపోయేది. ఆ కాస్త కష్టం కూడా దేనికని, మోగిన సెన్సర్‌నల్లా ఊడబీకి ఏసీ గాలికి ఎదురుగా గోడకు అతికించాడు. చివరికి అన్నీ అక్కడికే చేరాయి. ఫోన్ నోరు మూసుకుంది. అన్ని యంత్రాలూ చల్లగా ఉన్నాయన్నట్టు దాని తెర నిండా పచ్చ చుక్కలు చూసి డైరెక్టరు మెచ్చుకున్నాడు. ఈ ఘనుడు ఆ మెప్పును సిగ్గులేకుండా ఇంటికి మోసుకొచ్చి, కూతురికి పచ్చ చుక్కలు చూపించి గొప్పలు పోయాడు. పిచ్చిపిల్ల నమ్మింది.

ఓ మధ్యాహ్నం మూల యంత్రం దుమ్ముతో ఊపిరాడక మాడిపోయింది, నెత్తినున్న డిస్కుతో సహా. అప్పుడు కూడా చుక్కలు పచ్చగానే ఉన్నాయి. యంత్రమే నాసిరకమని సూపర్‌వైజరు తేల్చేశాడు.

కూతురు గదిలోకి వెళ్లి గోడ మీది సెన్సర్ల వరస చూసింది. ఆయన ఆమెను పక్కకు లాగి, ఇంటి పరువు బజారుకెక్కించొద్దని, కొలతలదేముంది మళ్లీ తీసుకోవచ్చని గొణిగాడు. తన ఏళ్ల చాకిరీని అంత తేలిగ్గా తీసిపారేసిన మనిషిని చూస్తే ఆమెకు అసహ్యమేసింది.

ఇంతలో డైరెక్టరు వచ్చి, వీటినిక్కడ పెట్టిందెవరని అడిగాడు. గది ఊడ్చే ఆమె పనై ఉంటుందని సూపర్‌వైజరు తడుముకోకుండా చెప్పేశాడు.

"మా నాన్నే సార్," అంది కూతురు. "ఊడ్చే ఆమెకి తలుపు తీసేది కూడా ఆయనే. తాళంచెవి ఇంకెవరి దగ్గరా ఉండదు."

సూపర్‌వైజరు చెయ్యి తనకు తెలియకుండానే నడుము మీదికి పోయి తాళంచెవిని కప్పింది.