టేపు కట్టిన జీపు

మా జీపు చుట్టూ ఎర్ర, తెలుపు చారల టేపు కట్టి, దాన్ని ముట్టుకోవద్దని నాకే చెప్పారు. ఆ ఇంజన్‌లో నేను బిగించని నట్టు ఒక్కటి కూడా లేదు, నాన్న బిగించినవి తప్ప.

నాన్న రిటైరయ్యాక కొన్న పాత పెట్రోలు జీపు అది. కొన్నప్పుడు దాని ఇంజన్ సగం గోనెసంచుల్లో ఉంది. వెంగళరావు నగర్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో, ఆదివారం చర్చి నుంచి రాగానే బట్టలు మార్చుకుని ఇద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. అన్నానికి రమ్మని అమ్మ పిలిచి పిలిచి విసుక్కునేది. ఇంజన్ మొదటిసారి తిరిగిన రోజున నాన్న, పొగకు దగ్గుతున్న పక్కింటివాళ్ళకు కూడా మిఠాయి పెట్టాడు. ఆ మరుసటి ఏడు ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. బరువులు ఎత్తకూడదన్నారు. ఆ ఇంజన్‌ను దించి మళ్ళీ విప్పడం ఇక నాన్న వల్ల కాదు. ఆయన చేతులతో చేసిన ఆఖరి పెద్ద పని అదే. అది చెడకూడదు. నాకు కావలసింది అంతే.

నేను మెకానికల్ ఇంజనీరును. జీడిమెట్లలో పంపులు, కంప్రెసర్లు చేసే కంపెనీలో పనిచేస్తున్నాను. తయారై, కొన్నవాళ్ళు తీసుకెళ్ళేదాకా నెలల తరబడి గోడౌన్‌లో పడి ఉండే యంత్రాలకు తుప్పు పట్టకుండా చూడడమే నా ఉద్యోగం. అందులో సూత్రాలు మూడే. లోపల నీళ్ళు ఉండకూడదు. లోపలి ఇనుము మీద నూనె ఉండాలి. తేమ గాలి లోపలికి పోయే దారులన్నీ మూసి ఉండాలి. ఇందులో ఉపగ్రహాలను పంపేంత విద్యేమీ లేదు. ఒక చెంచా నూనె, ఒక గుడ్డ, అరగంట. ఆ అరగంటే నాకు ఇవ్వలేదు.

ఒక ఆదివారం చర్చి గేటు దగ్గర ఒక సినిమా ప్రొడక్షన్ మేనేజరు మా జీపును చూశాడు. "మా హీరోగారికి అచ్చం ఇలాంటి బండే కావాలండీ" అన్నాడు. నాన్న అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. నన్ను అడగలేదు. షూటింగు ఫిల్మ్ నగర్‌లో వేసిన సెట్టులో. ఆ రోజు నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అంతా చూసి, రాత్రి భోజనాల దగ్గర నాకు చెప్పాడు.

"వానలో జీపు ఆగిపోతుందన్నమాట. హీరోగారు దిగి బానెట్ ఎత్తి చూస్తారు. ట్యాంకరు పెట్టి, పైపుల్తో వాన కురిపించార్రా! అచ్చం మన భీమవరం వానే."

"వానలో బానెట్ ఎత్తారా?"

"ఎత్తకపోతే ఇంజన్ ఎలా కనపడుద్ది? ఎయిర్ క్లీనరు కూడా తీయించారు. అడ్డంగా ఉందన్నాడు కెమెరామేను."

"అంటే కార్బురేటర్ నోరు తెరిచిపెట్టి దాని మీద నీళ్ళు పోశారా నాన్నా?"

"షాటు భలే వచ్చిందిరా" అన్నాడు నాన్న. పప్పు గిన్నె నా వైపు జరిపాడు.

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి వెళ్ళాను. సెట్టు వెనక ఖాళీ స్థలంలో జీపు ఉంది, చుట్టూ ఆ టేపు ఉంది. సీను సగమే అయిందట, హీరో వేరే సినిమాకు వెళ్ళిపోయాడట. మిగతా సగం తీసేనాటికి జీపు ఇప్పుడున్నట్టే కనపడాలి, దాన్ని వాళ్ళు కంటిన్యూటీ అంటారు. అది చూసుకునే అసిస్టెంటు నా వయసువాడే, యూసుఫ్‌గూడ కుర్రాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, అన్నా, జర ఆగు! టేపు దాటకు."

"ఇది మా జీపు."

"మీదే అన్నా, ఎవలు కాదన్నరు? గని కంటిన్యూటీల ఉంది. గీ బురద చూడు, గీ వైరు ఎట్ల వంగిందో చూడు. అన్ని ఫొటోల ఉన్నయ్. ఒక్కటి మారినా డైరెక్టర్ సార్ నన్ను ఉతికి ఆరేస్తడు."

"నీ బురద నేను ముట్టుకోను. నాలుగు ప్లగ్గులు తీసి, లోపలి నీళ్ళు బయటికి పంపి, ఒక్కో చెంచా నూనె పోసి మళ్ళీ బిగించేస్తాను."

"ప్లగ్గులు క్లోజప్‌ల ఉన్నయ్ అన్నా."

"మళ్ళీ వాటి చోటే పెడతానయ్యా!"

"వాటి మీద బురద చుక్కలున్నయ్. గవి కూడ మళ్ల గట్లనే పెడతవా?"

బురద చుక్కను ఊడదీసి మళ్ళీ అక్కడే పెట్టే విద్య ప్రపంచంలో ఏ ఇంజనీరుకూ రాదు. ఆ కుర్రాడు నా ముందే జీపు మీద టార్పాలిన్ కప్పి, నేలదాకా లాగి, తాళ్ళతో బిగించి కట్టాడు. కింద తడి నేల, పైన గాలి ఆడని పట్టా. అన్నం పొయ్యి మీద పెట్టి మూత వేసినట్టు. బయట వదిలేసినా ఇంతకంటే నయమని చెప్పాను. "వానకు తడుస్తది కదన్నా" అన్నాడు, నిజంగా జీపు మేలు కోరుతూ.

నాన్నను తీసుకుని జూబ్లీ హిల్స్‌లో వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు మర్యాదస్తుడు. మంచి కాఫీ తెప్పించాడు.

"ఇంజన్‌లోకి నీళ్ళు వెళ్ళాయండీ" అన్నాను.

"వాన సీను కదా బాబూ, వెళ్ళకుండా ఎలా?"

"మిగతాది ఎప్పుడు తీస్తారు?"

"హీరోగారి డేట్లు రాగానే."

"అవి ఎప్పుడొస్తాయి?"

ఆయన గోడ మీద దేవుడి పటం వైపు చూశాడు. నేను ఇంకేదో అనబోయేలోగా నాన్న అందుకున్నాడు. "పర్లేదండీ, మీ వీలు చూసుకోండి. మావాడికి కాస్త తొందరెక్కువ."

లిఫ్టులోనే అరిచాను. "తొందర నాకా? తుప్పుకా?"

"మాటిచ్చాం కదరా. సగం సినిమాలో బండి లాక్కొచ్చేస్తే ఏం బావుంటుంది? పెద్దవాళ్ళు."

పెద్దవాళ్ళు. మా నాన్న తన ఉద్యోగకాలమంతా ఎవరి పొరపాటునూ ఒప్పుకోని మనిషి. మా ఇంట్లో కుళాయి సరిగా బిగించలేదని ప్లంబరును మూడుసార్లు వెనక్కి పిలిపించినవాడు. సినిమావాళ్ళ దగ్గర మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ మీద కంటే ఆ కట్టుకున్న చేతుల మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

వానాకాలం ముదిరింది. ఒక శుక్రవారం నాన్న ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. జీపు ముందు కొబ్బరికాయ, ఫొటోల్లో పడని వెనక వైపు బొట్టు, నడుస్తున్న ఇంజన్. పంపింది ఆ అసిస్టెంటు. నాన్న మురిసిపోయి నాకు చూపించాడు. "చూశావా, ఎంత శ్రద్ధో! ప్రతి శుక్రవారం పూజ చేసి ఐదు నిమిషాలు నడుపుతున్నాడంట."

ఐదు నిమిషాలు! పెట్రోలు మండితే ఆవిరి కూడా పుడుతుంది. ఇంజన్ బాగా కాగేదాకా రోడ్డు మీద నడిపితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే లోపలే చల్లబడి నీళ్ళై నూనెలో కలుస్తుంది. ఆగి ఉన్న ఇంజన్‌కు ఇంతకంటే చెరుపు లేదు, ఇంతకంటే భక్తిగా ఎవరూ చెయ్యలేరు. పరుగున వెళ్ళి, టార్పాలిన్ ఎత్తి, నూనె మట్టం చూసే పుల్ల బయటికి లాగాను. ఫొటోలో లేదు కాబట్టి దానికి అభ్యంతరం లేకపోయింది. నూనె నల్లగా లేదు. మేనేజరు ఇప్పించిన కాఫీ రంగులో, నురగతో ఉంది.

అసిస్టెంటు ముఖం పాలిపోయింది. "నేను మంచికే చేసిన అన్నా."

"తెలుసు. ఇక స్టార్ట్ చెయ్యకు. ప్లగ్గులు తియ్యనియ్యి."

వాడు అటూ ఇటూ చూశాడు. "కిందికెళ్ళి ఏమన్న చేస్కో అన్నా. కెమెరా కిందికి సూడదు. పైన మాత్రం ముట్టకు, నీకు దండం పెడత."

బురదలో పడుకుని పాత నూనె దించి కొత్తది పోశాను. జబ్బు పైన, సిలిండర్లలో ఉంది. నాకు ఇచ్చిన చోటు కింద. తర్వాత బ్యాటరీ దిగిపోయింది. ఆ వానల్లో జీపు అలాగే మగ్గింది. డైరెక్టరుగారు లొకేషన్లు చూడ్డానికి విదేశాలకు వెళ్ళారు, ఆయన వచ్చాక ప్లగ్గుల సంగతి అడుగుతామన్నారు ఆఫీసులో.

చలి మొదలయ్యాక ఫోను వచ్చింది. బండి తీసుకెళ్ళవచ్చన్నారు. కథ మారిందట. హీరో ఇప్పుడు బుల్లెట్ మోటార్‌సైకిల్ మీద వస్తాడట, వాన కూడా లేదట. మేం వెళ్ళేసరికి టేపు ఇంకా అలాగే ఉంది. ఏ బురద చుక్క కోసం ఇన్నాళ్ళూ కాపలా కాశారో, అది ఇక ఎవరికీ అక్కర్లేదు. అయినా దాని మీద చెయ్యి వెయ్యడానికి ఒక్క క్షణం నేనే తటపటాయించాను. అందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

నాన్న జీపు ముందు వైపు, ఇంజన్ తిప్పే ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. నేను పెట్టాను. గోడను తిప్పినట్టు ఉంది. లోపలి తుప్పుకు ఇంజన్ పట్టేసింది.

నాన్న హ్యాండిల్ ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత అసిస్టెంటును అడిగాడు. "మనం తీసిన ఆ షాటు... సినిమాలో ఉంచుతారా బాబూ?"

"లేదంకుల్" అన్నాడు వాడు, తల దించుకుని.

వేరే బండికి తాడు కట్టి జీపును ఇంటికి లాక్కొచ్చాం. షెడ్డులో పెట్టి నేను టీ కోసం లోపలికి వెళ్ళాను. ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు విని బయటికి వచ్చాను. నాన్న హ్యాండిల్‌కు ఒక పైపు తొడిగి, దాని మీద ఒంటి బరువంతా వేసి కుమ్ముతున్నాడు. ముఖం ఎర్రగా ఉంది. "పెద్దవాళ్ళంట, పెద్దవాళ్ళు!" అని పళ్ళు బిగించి అంటున్నాడు. అన్ని నెలలూ ఆయన దగ్గర నేను వెతికిన కోపం అదే. జూబ్లీ హిల్స్ ఆఫీసులో రావలసింది మా షెడ్డులో వచ్చింది. వాళ్ళ మీద పడవలసింది ఇంజన్ మీద, ఆయన గుండె మీద పడుతోంది.

"ఆగు నాన్నా. లోపల పిస్టన్ రింగులు విరుగుతాయి." పైపు లాక్కున్నాను. ఆయన ఆయాసపడుతూ స్టూలు మీద కూలబడ్డాడు. నేను ప్లగ్గులు తీశాను. ఇప్పుడు అడ్డు చెప్పడానికి ఎవరూ లేరు. తుప్పును వదిలించే నూనె నాలుగు సిలిండర్లలోనూ పోసి, గుడ్డతో మూశాను. ఇక వారాల తరబడి ఆగాలి. రోజూ కాస్త నూనె, రోజూ మెల్లగా ఒక ప్రయత్నం. బలవంతం చెయ్యకూడదు.

ఆ పనిలో ఉండగానే పోయిన ఆదివారం మేనేజరు ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టాడు నాన్న. ఇంకో సినిమాకు మా జీపు కావాలట.

"ఇంజన్ పట్టేసిందండీ" అన్నాడు నాన్న.

"అయ్యో, ఏం పర్లేదు సార్! కదలనక్కర్లేదు. వెనకాల నిలబడి ఉంటే చాలు."

నాన్న నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నిలబెట్టడానికి మా బండి ఇవ్వమండీ" అన్నాడు. అవతలి నుంచి ఇంకేదో వినపడుతుండగానే ఫోను పెట్టేసి, నూనె డబ్బా ఇలా ఇమ్మని నా వైపు చెయ్యి చాపాడు.