పేరు లేని నవల ఎక్కిన విమానం

2008 మార్చిలో శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం మొదలైనప్పుడు, నేను పనిచేసే ప్రైవేటు విమాన సంస్థ నన్ను బేగంపేట నుంచి అక్కడికి బదిలీ చేసింది. హోదా డ్యూటీ మేనేజర్. విమానాన్ని నడిపేది కెప్టెన్. కానీ ప్రయాణికులందరినీ ఎక్కించి, సామాను సరిచూసి, వేళకు తలుపులు మూయించి సాగనంపేది డ్యూటీ మేనేజర్. విమానం వేళకు బయలుదేరితే ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. ఆలస్యమైతే మాత్రం అందరికీ ఆ మనిషే కావాలి. 2014లో పదవీ విరమణ చేసేదాకా నేను తిన్న తిట్లు మూడు నాలుగు భాషల్లో ఉంటాయి.

అన్ని తిట్లు తిన్నాక మనిషికి ఒక నవల కావాలి. ఇది నా నమ్మకం. టెర్మినల్‌లో అద్దాల పుస్తకాల షాపు ఉండేది. అక్కడ దొరికేవన్నీ జీవితంలో పైకి రావడం ఎలా అని చెప్పే ఇంగ్లీషు పుస్తకాలే. నాకు పైకి రావాలని లేదు, కాసేపు ఎటైనా పోవాలని ఉండేది. తెలుగు నవల అడిగితే అమ్మాయి నన్ను పక్క కౌంటర్‌లో అడగమంది. పక్క కౌంటర్‌లో బిస్కెట్లు అమ్ముతారు.

పుష్పమ్మ షాపు అనుకోకుండా దొరికింది. డ్యూటీ దిగి కంపెనీ కారులో ఇంటికి వెళ్తుంటే, డ్రైవర్ తన లైసెన్స్ కాపీ తీయించుకోవడానికి శంషాబాద్ ఊళ్లో ఒక జిరాక్స్ షాపు ముందు ఆపాడు. ముందు భాగంలో భర్త నడిపే జిరాక్స్ మిషను, వెనక భాగంలో పుష్పమ్మ కిరాయికిచ్చే నవలలు. ఎంతోమంది చేతులు మారి అట్టలు ఊడిపోయిన పుస్తకాలన్నింటికీ ఆమె గోధుమ రంగు గుడ్డతో బైండింగ్ చేయించింది. అట్టతో పాటు పేరున్న కాగితం కూడా పోవడంతో సగం నవలలకు పేరు లేదు, రాసినవాళ్ల పేరూ లేదు. షాపు ముద్ర మాత్రం పది పేజీలకొకసారి ఉంటుంది.

పేరు లేని పుస్తకాన్ని ఎలా అడగాలో నాకు తెలియలేదు. పుష్పమ్మకు ఆ చిక్కే లేదు. ఆమె నా వైపు చూసి, "ఏందక్కా, గట్ల మొకం వేలాడేసినవ్? ఇయ్యాల ఎవలన్న తిట్టిండ్రా?" అంది. తిట్టారన్నాను. "బయటోళ్లా, మీ ఆఫీసోళ్లా?" అంది. ఆఫీసువాళ్లే అన్నాను. లోపలికి వెళ్లి ఒక నవల తెచ్చి చేతిలో పెట్టింది. మూడో పేజీలోనే ఒక మేనేజర్ హత్య జరిగింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అప్పటినుంచి అదే వైద్యం. ప్రయాణికులు తిట్టిన రోజుకు నవ్వించే నవల. ఆఫీసువాళ్లు తిట్టిన రోజుకు హత్యలు. ఎవరూ తిట్టని రోజుకు ఏడిపించే నవల ఇచ్చేది, "జర సమానం కావాలె గద" అని. షాపుకు ఒకటే కట్టడి. చదివినవాళ్లు ఎవరికీ ఆఖరు చెప్పకూడదు. చెప్పినవాళ్లకు మళ్లీ పుస్తకం లేదు.

2011 ఫిబ్రవరిలో నా సంచిలో ఉన్నది అలాంటి పేరు లేని నవలే. ఒక పెళ్లి ఇల్లు. తెల్లారితే ముహూర్తం. ముందు వంటల గుండిగ మాయమవుతుంది. తర్వాత వంటవాడు. ఆ తర్వాత ఏకంగా పెళ్లికొడుకే కనబడడు. అనుమానం మేనత్త మీద, పురోహితుడి మీద, సన్నాయి ఊదే ఆయన మీద. చివరికి పెళ్లికూతురు లాంతరు పట్టుకుని నిచ్చెన వేసుకుని అటక ఎక్కుతుంది. చీకట్లో ఎవరో గురక పెడుతుంటారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి కారు విమానాశ్రయం చేరింది. ఇంకా ముప్పై పేజీలున్నాయి. మధ్యాహ్నం డ్యూటీ దిగాక చదువుకోవచ్చని సంచిలో పెట్టేశాను.

ఆ ఉదయం పొగమంచు. రన్‌వే మీద పైలట్‌కు కొంత దూరమైనా కనబడితేనే విమానం కదలాలన్నది నియమం. ఆ రోజు నాకు అద్దం అవతల ఏ విమానం రెక్కా కనబడలేదు. మా విశాఖపట్నం విమానం ఆగిపోయింది. మా వృత్తిలో పొగమంచుకన్నా భయపడేది గడియారానికి. పైలట్లు, క్యాబిన్ సిబ్బంది డ్యూటీకి రిపోర్ట్ చేసిన క్షణం నుంచి వాళ్ల గంటలు లెక్కలోకి వస్తాయి. విమానం నిలబడి ఉన్నా లెక్క ఆగదు. గంటలు అయిపోతే వాళ్లు నడపకూడదు. వేరే సిబ్బంది ఆ రోజు హైదరాబాద్‌లో లేరు. అంటే మంచు విడిచేలోపు వాళ్ల గంటలు తీరిపోతే విమానం రద్దే.

గేటు దగ్గర గోల మొదలైంది. సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి కౌంటర్ మీద అరచేత్తో కొడుతూ నా పేరు, నా పై అధికారి పేరు, ఆయన పై అధికారి పేరు అడుగుతున్నాడు. ఇంతలో గేటు దగ్గర పనిచేసే స్రవంతి వచ్చి, ఒకావిడ ఇంటికి వెళ్లిపోతానంటోందని చెప్పింది.

ఆవిడ అనసూయమ్మ. షాద్‌నగర్ దగ్గరి ఊరు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం విశాఖలో ఆమె మేనల్లుడి పెళ్లి. ఇంట్లో అందరూ ముందే రైల్లో వెళ్లిపోయారు. కంసాలి పుస్తెలు ఇవ్వడం ఆలస్యమైతే, అవి తీసుకుని ఈమె ఒక్కతే విమానంలో బయలుదేరింది. "పుస్తెలు నా నడుముకే ఉన్నయ్ మేడమ్. గని నాతోని గాదు. గాలిల పోవుడంటె భయమైతుంది. బస్సుల పోత, జర బయటికి దారి చూపియ్యిండ్రి" అంది. బస్సులో వెళ్తే విశాఖ చేరేది మర్నాడు. అప్పటికి ముహూర్తం ఎక్కడుంటుంది?

వాతావరణం గురించి, విమానాల భద్రత గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె భయం ఇంకా పెరిగింది. ఇక ఏమీ తోచక, చదువు వచ్చా అని అడిగాను. ఏడు దాకా చదివానంది. సంచిలోంచి నవల తీసి ఇచ్చి, మంచు విడిచేదాకా చదువుతూ కూర్చోమన్నాను. పుష్పమ్మ వైద్యం నాకు పనిచేసింది, ఈమెకూ పనిచేస్తుందనుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. అనసూయమ్మకు మనసులో చదువుకోవడం రాదు. "పైకి సదివితెనే నాకు తలకెక్కుతది" అని మొదలుపెట్టింది. గొంతు చూస్తే పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినబడే గొంతు. నవలలోని వాళ్లంతా గోదావరి జిల్లా మనుషులు. ఆమె నోట్లో పడి అందరూ షాద్‌నగర్ వాళ్లయిపోయారు. "ఏమిటండీ ఈ అన్యాయం" అని అచ్చులో ఉంటే, "ఏందయ్యా గీ అన్యాలం" అని చదివింది. వర్ణనలు వచ్చినచోట, "చెట్ల ముచ్చట మనకెందుకు" అని నాలుగు కాగితాలు కలిపి తిప్పేసింది.

ముందు ఇద్దరు పిల్లలు దగ్గరికి జరిగారు. తర్వాత వాళ్ల తల్లులు. గుండిగ మాయమయ్యేసరికి ఒక వరస కుర్చీలు నిండాయి. వంటవాడు మాయమయ్యేసరికి కాఫీ అమ్మే అబ్బాయి కౌంటర్ వదిలేసి వచ్చాడు. పెళ్లికొడుకు మాయమైనప్పుడు చూస్తే, సూటాయన బూట్లు విప్పి నేల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. పురోహితుడే దొంగ అని ఒక వర్గం, మేనత్త అని ఒక వర్గం తయారైంది. మేనత్తను అంటే అనసూయమ్మ ఊరుకోలేదు. "నేను గుడ మేనత్తనే. మేనత్తలు గట్ల జెయ్యరు" అని పుస్తకం మూసేయబోయింది. అందరూ ఆమెకు క్షమాపణ చెప్పారు.

కౌంటర్ దగ్గర ఒక్క ఫిర్యాదు లేదు. అన్నేళ్ల సర్వీసులో పొగమంచు రోజున నేను కూర్చుని టీ తాగింది అప్పుడే. నాకు ఎంత సంతోషం వేసిందంటే, గంతులు వేయాలనిపించింది. హోదా గుర్తొచ్చి ఊరుకున్నాను.

మంచు విడిచింది. కెప్టెన్ ఫోన్ చేశాడు. విశాఖ వెళ్లి వచ్చేలోపు సిబ్బంది గంటలు తీరిపోకూడదంటే బయలుదేరడానికి కొద్ది సమయమే ఉంది, వెంటనే ఎక్కించండి అన్నాడు. స్రవంతి మూడు భాషల్లో బోర్డింగ్ ప్రకటించింది. ఎవరూ లేవలేదు. మళ్లీ ప్రకటించింది. సూటాయన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, "ఒక్క నిమిషం ఆగమ్మా, అటక ఎక్కుతోంది" అన్నాడు.

విమానానికి ప్రయాణికులు ఆలస్యంగా రావడం చూశాను, అసలు రాకపోవడం చూశాను. గేటు ముందే కూర్చుని రాననడం ఎన్నడూ చూడలేదు. ఇంకాసేపు ఆలస్యమైతే విమానం రద్దవుతుందని గట్టిగా అరిచాను. రద్దయితే ఇక్కడే మిగతాది వింటామని వెనక నుంచి ఎవరో అన్నారు. నవలను వెనక్కి తీసుకుందామని చెయ్యి చాపాను. నూటికి పైగా మనుషులు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు తట్టింది. వీళ్లు నా మాట వినరు. వీళ్లు వింటున్నది అనసూయమ్మను. ఆమె లేస్తే అందరూ లేస్తారు.

ఆమెను ముందు లేవమన్నాను. విమానం దూరంగా నిలిపి ఉంది, బస్సులో వెళ్లి మెట్లెక్కాలి. ఆమె అద్దంలోంచి దాన్ని చూసి కుర్చీ పట్టుకుంది. "నేనెక్క మేడమ్" అంది. ఇక్కడ ఇంకో నియమం చెప్పాలి. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని పెట్టె కూడా విమానంలో ఉండకూడదు. అన్ని పెట్టెల మధ్య ఆమె పెట్టె వెతికి దించేసరికి ఉన్న సమయం కాస్తా అయిపోతుంది. పుస్తెలూ చేరవు, విమానమూ చేరదు. ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మా, అక్కడ మీ వాళ్లంతా ఆ పుస్తెల కోసమే చూస్తుంటారు" అన్నాను.

ఆమె చేతిలోని నవల వైపు చూసుకుని, "గీ బుక్కు నా చేతులుంటె ఎక్కుత. సదువుతుంటె భయం యాదికొస్తలేదు" అంది.

పేరు లేని పుస్తకం. విశాఖ వెళ్లిందంటే మళ్లీ దొరకదు. ఏ షాపుకు వెళ్లి ఏమని అడుగుతాను? అటక మీద గురక పెడుతున్నదెవరో నాకు ఈ జన్మకు తెలియదు. ఒక్కసారి పుస్తకం ఇలా తీసుకుని ఆఖరి పేజీ చూసుకుని ఇచ్చేద్దామా అనిపించింది. దానికీ సమయం లేదు. తీసుకెళ్లమన్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె లేచి బస్సు వైపు అడుగు వేసిందో లేదో, గేటు దగ్గర తొక్కిసలాట. ఇప్పుడు అందరికీ మొదటి బస్సే కావాలి. అనసూయమ్మ బస్సు మెట్టు మీద నిలబడి, "ఒర్లకుండ్రి! ఇమానంల అందరు కూసున్నంకనే సదువుత. ఒక్కలు తక్కువున్నా నోరు తెరువ" అంది. అంతే. పై అరల్లో సంచుల కోసం ఎవరూ పోట్లాడలేదట. సీటు మార్చమని ఎవరూ అడగలేదట. బెల్టు పెట్టుకోనివాళ్లను పక్కవాళ్లే కసిరారట. గడువుకు ముందే తలుపులు మూసి విమానం కదిలింది. నేను ఖాళీ గేటు దగ్గర నిలబడి టాటా చెప్పాను, మనుషులకు కాదు, నవలకు.

మధ్యాహ్నానికి ఆ విమానం తిరిగి వచ్చింది. క్యాబిన్ సిబ్బందికి ఆఖరు తెలుసు. వాళ్ల దగ్గర విని సామాను ఎత్తేవాళ్లకు తెలిసింది. నేను డ్యూటీ దిగే వేళకు స్రవంతి మెరిసే కళ్లతో నా దగ్గరికి వస్తుంటే రెండు చెవులూ మూసుకున్నాను. మర్నాడు డ్యూటీకి ముందు సిబ్బందితో జరిగే బ్రీఫింగ్‌లో, నా ముందు ఎవరూ గురక మాట ఎత్తకూడదని ఆదేశం ఇచ్చాను. కెప్టెన్ ఒక్కడే నాకు తోడు. కాక్‌పిట్ తలుపు వెనక ఉండి ఆయనకేమీ వినబడలేదు. ఎవరండీ అటక మీద అని ఆయనే నాకు ఫోన్ చేశాడు.

పుష్పమ్మకు జరిగింది చెప్పాను. పుస్తకం పోయినందుకు ఆమె కోప్పడలేదు. గురక ఎవరిదో ఒక్కటీ చెప్పమని బతిమాలాను. "అమ్మో, జెప్ప. గట్ల చెప్తె షాపు మూసుకోవాలె" అంది. వేరే నవలలు ఇచ్చింది. ఏదీ తలకెక్కలేదు. డ్యూటీలో ఎవరైనా కుర్చీలో గురక పెడితే లేపి మొహం చూసేదాన్ని.

పెళ్లయిన వారానికి అనసూయమ్మ వచ్చింది, అదీ విమానంలోనే. ముద్ర చూసి షాపు వెతుక్కుంటూ వెళ్లి పుస్తకం పుష్పమ్మకు అప్పగించింది. పెళ్లింట్లో కూడా చదివి వినిపించిందట. పేజీలకు పసుపు, మధ్యలో నాలుగు అక్షింతలు. కబురు అంది నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి పుస్తకం లేదు. పుష్పమ్మ తల గోక్కుంటూ, "ఎవలో సూటేసుకున్న సారు ఇమానంల బుక్కు మీద ముద్ర సూశిండంట, ఎతుక్కుంట వచ్చిండక్కా. చెట్ల ముచ్చట ఇడిసిపెట్టిండ్రంట, అది సదవాలని తీస్కపోయిండు" అంది.

ఆయన తిరిగి ఇచ్చిన రోజున కారులోనే చదివాను. ఇల్లు చేరినా దిగకుండా, డ్రైవర్‌ను దీపం ఆర్పొద్దని చెప్పి ముప్పై పేజీలూ పూర్తిచేశాను. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. డ్రైవర్ కంగారుపడి నీళ్లిచ్చాడు. గురక ఎవరిదో ఇక్కడ రాయను. ఆ షాపు కట్టడి నాకూ వర్తిస్తుంది.

ఈ సంఘటన ఉద్యోగానికి సంబంధించి నాకు నేర్పింది ఒకటే. గుంపు కదలకపోతే మైకు పట్టుకుని అరవకూడదు. ఆ గుంపు ఎవరి మాట వింటోందో చూసి, ఆ మనిషిని ముందు కదిలించాలి. రిటైరయ్యేదాకా అది నాకు చాలాసార్లు పనికొచ్చింది. ఉద్యోగానికి సంబంధం లేనిది ఇంకొకటి నేర్చుకున్నాను. ఇప్పటికీ చలికాలంలో ప్రయాణమంటే నా సంచిలో రెండు నవలలుంటాయి. ఒకటి అవసరమైనవాళ్లకు ఇవ్వడానికి. రెండోది ఉన్నట్టు ఎవరికీ చెప్పను.