పిన్ని వినని మాట

మొన్న ఆదివారం వాట్‌గంజ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడొకడు, ఆరాధన మధ్యలో ఒక ఆడకూతుర్ని లేపి నిలబెట్టి, తాగి కొట్టిన మొగుణ్ణి క్షమించానని మైకులో చెప్పమన్నాడు. ఆమె తల వంచుకుని చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయి, ఈ వయసులో చేతికర్ర టకటకలాడించుకుంటూ బయటికి వచ్చేశాను. మారుమనస్సు, క్షమాపణల గురించి ఎవరు గొంతెత్తినా నాకు మా పిన్ని గుర్తొస్తుంది, ఆ వెనకే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

మా నాన్న, చిన్నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్‌కు వచ్చి ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో ఓడల సరుకు దించేవారు. నాన్న సంఘ పెద్ద, బైబిలు నోటికి వచ్చిన మనిషి, ఆయన మాటకు ఎదురుండేది కాదు. చిన్నాన్న తాగుబోతు. ఒకనాడు అతను కొట్టిన దెబ్బకి పిన్నికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. మర్నాడే ఆమె ఇల్లు విడిచి, కార్పొరేషన్‌లో వీధులూడ్చే పనికి కుదిరి, తన సొంత అక్క ఇంట్లో ఉండిపోయింది.

రెండేళ్లకు చిన్నాన్న నిజంగానే మారాడు. వెక్కిరించడానికి అనడం లేదు. తాగుడు మానేసి, బాప్తిస్మం తీసుకుని, అందరికంటే వెనక కూర్చుని ఏడ్చేవాడు. మాకు పండగైంది. ఇక పిన్ని కాపురానికి వస్తే సాక్ష్యం సంపూర్ణమవుతుందని నాన్న తీర్మానించి, వచ్చేదాకా ఆమెకు ప్రభువు బల్లలో, నెలకోసారి ఆరాధనలో అందరూ పంచుకునే రొట్టె ఇవ్వవద్దన్నాడు. ఆ కబురు మోసుకెళ్లింది నేనే, ఇరవై రెండేళ్ల యువజన కార్యదర్శిని, చంకలో బైబిలుతో, ఎంతో గర్వపడుతూ.

ఆమె చీపురు గోడకానించి, నేను చదివిన వచనాలన్నీ ఓపిగ్గా విని అంది:

"ఆడు మారినాడు, నాను కాదన్లేదు. నా సెవి తిరిగొస్తాదేటి? దేవుడు ఆడి కాడికి ఎల్తే, మీరు నా మీదికి వొచ్చినారేటి?"

నీది రాతిగుండె అని మొహం మీదే అనేసి వచ్చాను. అయినా ఆమె ఆరాధనకు రావడం మానలేదు. నెలనెలా రొట్టె పళ్లెం ఆమెను దాటి వెళ్లేది. దాటించే చెయ్యి నాదే.

అలా ఎన్నాళ్లో గడిచాక చిన్నాన్న తన మార్పు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పే ఆదివారం వచ్చింది. అతను లేచి నాన్న వైపు చూసి, "కొట్టినోణ్ణి నాను. నాకు రొట్టి, ఆమెకి పస్తేటన్నా?" అన్నాడు, అంతే. తనూ రొట్టె ముట్టకుండా బయటికి నడిచి, ఆ వారంలోనే హౌరాలో ఒక ఫ్యాక్టరీలో కూలికి చేరి అక్కడే ఉండిపోయాడు, పిన్ని జోలికి మళ్లీ రాలేదు. నాన్న ఆ అవమానం మరిచిపోక, తర్వాతెప్పుడో తమ్ముడు పోతే సమాధికి కూడా వెళ్లలేదు. పిన్నికి మాత్రం మరుసటి నెల నుంచి, ఎవరూ తీర్మానం చేయకుండానే, రొట్టె అందింది. నేనేమో మా చేతికొచ్చిన గెలుపును చిన్నాన్న నేలపాలు చేశాడని ఏళ్ల తరబడి పళ్లు నూరాను.

నాన్న పోయాక, నా కూతుళ్లకు పెళ్లిళ్లయ్యాక, పెద్దదాని బుగ్గ మీద అల్లుడి వేళ్ల గుర్తులు చూసిన రోజున గాని నాకు బుద్ధి రాలేదు. దాన్ని మా ఇంట్లోనే ఉంచేసుకుని, ఆ సాయంత్రం పిన్ని దగ్గరికి వెళ్లి, పక్కన కూలబడి, నన్ను క్షమించమని గొణిగాను. ఆమె నా వైపు తల తిప్పి, "ఈ పక్క ఇనపడదు బాబూ, అటేపు కూకోని సెప్పు" అంది. లేచి అటువైపు కూర్చుని మొత్తం మళ్లీ చెప్పాను. క్షమించానని ఆమె అనలేదు, టీ పెట్టి ఇచ్చింది.

ఇప్పుడు ఆ డాకుల్లో తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. పిల్లలు మన కీర్తనల్ని బెంగాలీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంటే సగం మాటలు విరిగిపోతుంటాయి. ఒకప్పుడైతే పాట ఆపి మరీ దిద్దేవాణ్ణి, ఇప్పుడు ఊరికే వింటూ కూర్చుంటాను. ఆ నాన్నకు పుట్టిన కొడుక్కి ఈ మాత్రం మార్పు రావడానికి ఒక జీవితకాలం పట్టింది. వచ్చిందని చెప్పుకుందామంటే పిన్నీ లేదు, చిన్నాన్నా లేడు.