ఛాతీ లోతు నీళ్లు

ఏడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దాని గురించి చెప్పాలంటే ఇది మామూలు కథ కాదు. నీటితో, నేలతో, ఇనుముతో మనుషులు తలపడిన మహాగాథ. ఇందులో కాలువ ఉప్పొంగుతుంది, సైకిళ్లు దుమ్ము లేపుతాయి, వీరులు నేలకొరుగుతారు.

అబద్ధం. కాలువ ఉప్పొంగలేదు. పొంగకుండా చేసింది నేనే. దెబ్బ తగిలింది కూడా ఒక్కడికే. వాడు నా దోస్తు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది బోధన్. మా బడిలో పనిచేసే డ్రిల్లు సారు ఎక్కడో పేపర్లో చదివి, మన దగ్గర కూడా ట్రయథ్లాన్ పెట్టాలన్నారు. ముందు కాలువలో ఈత, ఒడ్డెక్కి సైకిలు, సైకిలు దిగి పరుగు. మధ్యలో ఆగకూడదు. ఆ పేరుకు నోరు తిరగక అందరూ మూడాటల పోటీ అన్నారు. మా అమ్మ బీడీలు చుడుతూ విని, "మూడెందుకురా, ఒక్కటన్న సక్కగ చెయ్యరాదు" అంది.

ఆ ఒక్కటీ నా దోస్తు రఫీక్‌కు వచ్చు. వాడు ఈతగాడు. పోటీలో గెలిచినవాణ్ని హైదరాబాదు పంపుతామని సారు చెప్పినప్పటి నుంచి వాడికి నిద్ర లేదు. అక్కడి సర్టిఫికెట్టు చేతికొస్తే కానిస్టేబుల్ ఉద్యోగానికి అక్కరకొస్తుందని ఆశ. వాళ్ల నాన్న రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. ఇళ్లన్నిటికీ స్టీలు గిన్నెలు వచ్చాక ఆయనకు పని పోయింది. పెద్దకొడుకు రఫీకే. కాబట్టి ఆ పోటీ వాడికి ఆట కాదు. నాకా? నాకు రఫీక్ ఉన్నచోట ఉండడం అలవాటు, అంతే.

రోజూ పొద్దున్నే ఇద్దరం మోస్రా దారిలో కాలువ దాకా సైకిళ్ల మీద పోయేవాళ్లం. చెరుకు ట్రాక్టర్ల వెనక తొక్కుతుంటే గడలు రాలేవి. నా సాధనలో సగం వాటిని ఏరుకోవడంలోనే గడిచింది. కాలువ దగ్గర రఫీక్ వంతెన గోడ ఎక్కి నిలబడేవాడు. నేను వాడి గడియారం పట్టుకుని గట్టు మీద కూర్చుని ఒకటి, రెండు, మూడు అనేవాణ్ని. మూడుకు వాడు తల ముందు పెట్టి దూకేవాడు. అక్కడ మనిషిన్నర లోతు.

నేనెందుకు దిగలేదంటే ఒకరోజు చెవిపోటు, ఒకరోజు జలుబు. అసలు సంగతి, నాకు ఈత రాదు. చందూర్‌లో మా అమ్మమ్మవాళ్ల బావిలో నేర్చుకున్నానని వాడితో ఎప్పుడో కోతలు కోశాను. కోసినప్పుడు మూడాటల పోటీ వస్తుందని నాకేం తెలుసు? పేరు ఇచ్చేశాను. వెనక్కి తీసుకుంటే నవ్వుతారు. అందరినీ నవ్వించేవాడికి, తన్ను చూసి నవ్వుతారంటే ఎందుకంత భయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం పోచయ్య మామ దగ్గరికి వెళ్లాను. కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కరు ఆయన, మా అమ్మకు వరసకు తమ్ముడు. రేపు చిన్నపిల్లలు కూడా దిగుతున్నారని, నీళ్లు తగ్గించమని డ్రిల్లు సారు చెప్పమన్నారని చెప్పాను.

"సారే చెప్పిండా?" అన్నాడు.

"సారే చెప్పిండు మామా."

ఇంకో మాట అడగలేదు. నేను ఏ లంచమూ ఇవ్వలేదు, బతిమాలలేదు. అంత సులువుగా అయిపోతుందనుకోలేదు.

తెల్లారేసరికి కాలువ ఛాతీ లోతుకు వచ్చింది. ఎర్రమట్టి నీళ్లు కదా, పైనుంచి చూస్తే ఎంత లోతో తెలియదు. ఒడ్డు రాళ్ల మీద నిన్నటి తడి గీత మాత్రం పైన ఉంది, నీళ్లు కింద ఉన్నాయి. దాన్ని చూసింది నేనొక్కణ్నే. తెలిసినవాడికే కనబడే గీత అది. మిగతావాళ్లు సన్నాయి మేళం చూస్తున్నారు. అవును, సారు మేళం కూడా పెట్టించారు.

ఏడుగురం. ఆరుగురం మెట్ల మీదుగా నీళ్లలోకి దిగాం. ఈదేవాళ్లు కాళ్లు ముడుచుకుని తేలారు. నేను హాయిగా అడుగున కాళ్లు ఆనించి, మోకాళ్లు వంచి మెడ దాకా ముంచుకుని, ఈతగాడి ముఖం పెట్టాను. రఫీక్ రాలేదే అని తలెత్తి చూస్తే, వంతెన గోడ మీద ఉన్నాడు.

ఇక్కడే నేను మెల్లగా చెప్పాలి. వాడు దూకుతాడని ముందురోజు నాకు గుర్తు రాలేదా? రాలేదు. ప్రమాణం చేయమంటే చేస్తాను. కానీ ఆ క్షణంలో గుర్తొచ్చింది. సారు విజిల్ నోట్లో పెట్టుకున్నారు. వాడు చేతులు చాచాడు. దూకకురా, నీళ్లు తక్కువున్నయ్ అంటే చాలు. మూడే మాటలు. ఎవరైనా పడితే నవ్వు ముందు పుట్టే నోరు నాది, క్లాసులో సార్ల మాటకు అడ్డం పడే నోరు, చావింట్లో కూడా ఊరుకోని నోరు. అది ఆ ఒక్కసారి మూసుకుపోయింది. అరిస్తే, నీకెలా తెలుసని అడుగుతారు. అంత పొడుగు ఆలోచన అంత కొద్దిసేపట్లో పట్టిందంటే నాకే ఆశ్చర్యం. లెక్కల పరీక్షలో ఎప్పుడూ అంత వేగం లేదు.

విజిల్ మోగింది. వాడు దూకాడు.

నేను వెనక్కి చూడలేదు. చేతులతో నీళ్లు చరుస్తూ, కాళ్లతో కాలువ అడుగున నడుస్తూ పోయాను. ఒడ్డెక్కాక తిరిగి చూస్తే జనం గుమిగూడి ఉన్నారు. ఆగాల్సింది. సైకిలెక్కాను. పరుగు కూడా పూర్తిచేశాను. నాలుగోవాణ్నయ్యాను. బహుమతులు ముగ్గురికే.

రఫీక్ కుడి భుజం విరిగింది. తల నేలకు తగిలి ఉంటే ఈ పాటికి ఇది వేరే రాత అయ్యేది. మూడోరోజు వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కట్టుతో కూర్చున్నాడు.

"రోజు దుంకే జాగనే గదరా," అన్నాడు. "నీళ్లు గంత తక్కువున్నయని నాకెట్ల తెల్వకపాయె?"

నేను వాడి కట్టు మీద వాలిన ఈగను తోలాను.

"నువ్వు నాకన్న ముందుగాల దిగినవ్ గద యార్. నీకు కాళ్లకు తాకలేదా?"

"నేను కండ్లు మూసుకొని దిగిన."

"కండ్లతోని సూస్తరారా లోతు?"

దొరికిపోయాననుకున్నాను. వెంటనే నోరు తెరుచుకుంది. "నువ్వు దుంకుతున్నవని తెలిసి కాలువనే భయపడి కిందికి పోయిందేమో."

వాడు పగలబడి నవ్వాడు. నవ్వి, భుజం పట్టుకుని వంగిపోయాడు. "నవ్వియ్యకురా, నొస్తది" అన్నాడు. నేను ఇంకో రెండు జోకులేశాను. వాడు నవ్వినంతసేపు అడగడని నాకు తెలుసు.

ఆ తర్వాత ఎవరూ అడగలేదు. కాలువలో నీళ్లు రోజుకో తీరుగా ఉంటాయి కదా అన్నారు. పైవాళ్లను అడగకుండా షట్టరు దించిన సంగతి బయటపడితే తన నౌకరీ పోతుందని పోచయ్య మామ కిమ్మనలేదు. ఆ ఎండాకాలం ఆయన బాల్కొండ వైపు బదిలీ అయిపోయాడు. లోతు చూసుకోకుండా పోటీ పెట్టాడని జనం సారును తిట్టారు. ఆయన మళ్లీ పెట్టలేదు. రెండేళ్ల తర్వాత పోలీసు సెలక్షన్లలో రఫీక్ పరుగులు నెగ్గాడు, దూకుళ్లు నెగ్గాడు. ఇనుప గుండు విసరాల్సి వచ్చినప్పుడు చెయ్యి భుజం దాటి లేవలేదు. గుండు కాళ్ల ముందే పడింది. ఆ తర్వాత వాడు మళ్లీ ప్రయత్నించలేదు.

ఇప్పుడు బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేస్తాడు. పెళ్లయింది, ఒక పాప. దిగులుగా ఏం లేడు. దిగులుగా ఉంటే నాకు కొంత సులువయ్యేదేమో, ఓదార్చేవాణ్ని. పోయిన వారం ఎవరో గిరాకీ, చెయ్యికి ఏమైందన్నా అని అడిగాడు. రఫీక్ చిమటాతో గడియారం ముల్లు పట్టుకుని తలెత్తకుండానే, "నా గలతీనే అన్న. సూసుకోకుండ దుంకిన" అన్నాడు. ఏడేళ్లుగా అందరికీ అదే జవాబు. నేను పక్కన స్టూలు మీద చాయ్ తాగుతున్నాను. విరిగిన ఎముక కన్నా ఆ మాటే నాకు బరువు. నా తప్పును తనదనుకుని, దానికి తనే బాధ్యుడని అడిగినవాళ్లకల్లా చెబుతున్నాడు.

ఆ గలతీ వాడిది కాదు. నాది.

రాశాను. విచిత్రంగా, ఆకలేస్తోంది. వారం నుంచి సరిగా తినలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, మీ భుజానికేం కాలేదు. వాడు క్షమిస్తాడో, స్టూలు లాగేస్తాడో తెలియదు. ఏదైనా సరే, ఊపిరి మాత్రం చాలా రోజులకు కింది దాకా వెళ్లింది.

ఒక్క చిక్కు. రఫీక్ చదివింది ఉర్దూ మీడియం. తెలుగులో బస్సు బోర్డుల దాకే చదవగలడు. ఇంత రాసి వాడు చదవలేని అక్షరాల్లో రాశానంటే, అది కూడా నా తెలివేనా అని అనుమానం వచ్చింది. కాబట్టి ఈ కాగితాలు ఇచ్చి జారుకోవడం కుదరదు. పక్కన కూర్చుని నేనే చదివి వినిపించాలి.

రేపు శుక్రవారం. నమాజు, భోజనం అయ్యాక దుకాణం మూడింటికి తెరుస్తాడు.