గోడ కింది మంచు

లేనా నది ఒడ్డు ఊళ్ళో ఒగ్దో ముసలమ్మ చలికాలమంతా చెక్కపారతో ఇంటి చుట్టూ మంచు తీస్తూనే ఉంటుంది. కనురెప్పలు గడ్డకట్టినా ఆగదు. అక్కడి ఇళ్ళు నిలిచేది ఏడాదంతా లోపల గడ్డకట్టి ఉండే నేల మీద. మంచు దుప్పటిలా కప్పేస్తే నేలలోకి చలి దిగదు, వేసవిలో ఆ నేల మెత్తబడి ఇల్లు కుంగుతుంది. ఇప్పటికే ఓ మూల కుంగి, తలుపు భుజంతో నెడితేగాని తెరుచుకోవడం లేదు. ఆవేళ ట్రాక్టరు తోలే ఐతాల్ వీధిలో మంచంతా తెచ్చి ఆమె గోడకే నెట్టాడు.

"ఒరే, నా కొంప ముంచుతావురా? పోయి మీ ఊరిపెద్ద గోడకి పొయ్యి!"

"ఆయన వద్దన్నాడు అవ్వా. ఇల్లు కుంగుతుందట."

"అంటే వాడికీ తెలుసన్నమాట! వాడిదే ఇల్లూ, నాది కాదూ?"

ఒగ్దో ఆ మంచుని పారలకొద్దీ తెచ్చి ట్రాక్టరు ముందే పోయసాగింది. హారన్ కొట్టినా తలెత్తలేదు. ఐతాల్ ఇంజను ఆపేశాడు.

"మరి ఎక్కడ పొయ్యమంటావు?"

"గడ్డకట్టిన నది మీద పొయ్యి. అక్కడ ఎవడి ఇల్లూ లేదు."

ఐతాల్ మళ్ళీ ఇంజను వేసి మంచుని నది వైపు నెట్టాడు; గోడ మొదలు మళ్ళీ బయటపడేదాకా ఆమె ట్రాక్టరు పక్కనుంచి కదల్లేదు.