విరిగింది పన్ను కాదు

ఏలీయా అంబాజీపేట దగ్గర ఓ కొట్లో కొబ్బరికాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి మూడు తిప్పుల్లో పీచు డొక్క ఊడదీసేవాడు. పక్క గునపం అతని భార్య లీలావతి అన్న మత్తయిది. పెళ్ళయిన పదకొండేళ్ళలో మత్తయి ఒక్కసారీ అతన్ని పేరుతో పిలవలేదు. అందరి ముందూ "ఇల్లరికపోడా" అనేవాడు.

కిందటి వేసవిలో ఏలీయా మొదటిసారి ఎదురు చెప్పేడు. "ఆ ఇల్లు మీ నాన్న నీకివ్వక నాకెందుకిచ్చేడో చెప్పమంటావా, బావా?"

మత్తయి చేతిలోని ఒలిచిన కాయ వచ్చి ఏలీయా మూతి మీద తగిలింది.

పై వరసలో ముందు పళ్ళు నాలుగూ ఒక్కటిగా లోపలికి వాలిపోయేయి. ఒకటి ముట్టుకుంటే నాలుగూ కదిలేయి. కొట్లో పెద్దవాడు ముసలయ్య "పీకేస్తే సరి" అన్నాడు. ఏలీయా నోటికి తువ్వాలు అదుముకుని అమలాపురం బస్సెక్కేడు.

పళ్ళ డాక్టరు జ్యోతిర్మయి ఎక్స్‌రే చూపించింది. "పళ్ళు విరగలేదండీ. దవడ అంచు ఎముకలో పళ్ళ వేర్లకి గూళ్ళుంటాయి. ఆ ఎముకే విరిగింది, అందుకే నాలుగూ కలిసి కదులుతున్నాయి. పళ్ళు పీకేస్తే దానికిక పనుండదు, కరిగిపోతుంది."

మత్తుసూది ఇచ్చి, ఎముకని వేలితో ముందుకి తోసి, పళ్ళకి తీగ కట్టింది. నెల్రోజులు జావే.

ఆమె రాసిచ్చిన కాగితంతో ఏలీయా నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేడు. ఎముక విరిగిందని ఉండడంతో కేసు పెద్దదైంది.

మూడోరోజు మత్తయి వచ్చేడు, క్షమించమనడానికి కాదు. "పళ్ళు కదిలేయంతేనని రాయించుకురా" అన్నాడు గుమ్మంలో నుంచుని.

ఏలీయా పై పెదవి ఎత్తి తీగ చూపించేడు. "చెయ్యి పెట్టి చూడు. ఎముక విరగలేదనిపిస్తే అలాగే రాయిస్తాను."

మత్తయి చెయ్యి చాపలేదు. లీలావతి జావగిన్నె కింద పెట్టింది. "మా అన్న జైలుకెళ్తే మావాళ్ళ ఇళ్ళకి నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"నువ్వెళ్ళు. కేసు మాత్రం వెనక్కి తీసుకోను."

ఆ రోజు నుంచి ఆమె జావ కాచి పెట్టేది గానీ పలకరించేది కాదు.

నెలకి తీగ తీసేరు. ఎముక అతుక్కుంది. ఒక పన్ను మాత్రం నల్లబడింది. దానికి ప్రాణం పోయిందంది డాక్టరమ్మ. కొట్టు యజమాని మత్తయిని పనిలోంచి తీసేసేడు. లీలావతి తరఫు చుట్టాలు ఏలీయాని శుభకార్యాలకి పిలవడం మానేసేరు.

కేసు ఇంకా నడుస్తోంది. మొన్న వాయిదాకి మత్తయి లాయరు రాజీ కాగితం తెచ్చేడు. ఏలీయా దాన్ని చివరిదాకా చదివి, సంతకం పెట్టకుండానే తిరిగిచ్చేసేడు.